మూడో పిలుపు

ఉప్పుగూడ రైలు గేటు దాటాక ఎడమచేతి సందులో ఒక బర్ల కొట్టం ఉండేది. పొద్దు గూకితే ఆ సందులోకి కుక్క కూడా పోదని చెప్పుకునేవాళ్లు. కొట్టంలోంచి ఒక పిల్ల గొంతు తల్లిని పిలుస్తుంది — "అవ్వా... తలుపు తియ్యి." కాసేపాగి ఇంకోసారి. అంతే. మూడోసారి పిలవదు.

మూడోసారి పిలవకపోవడమే దెయ్యం గుర్తు. రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదని ఆ బస్తీలో ముక్కు కారే పిల్లలకు కూడా తెలుసు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. దెయ్యానికి రెండు పిలుపులే. తొందరపడి పలికినవాడి పని అయిపోయినట్టే.

పంతొమ్మిది వందల నలభై మూడులో, వాన వెలిసిన ఒక రాత్రి, నర్సు ఆండాలు ఆ దారిన వచ్చింది. గేటు అవతల ఒక కాన్పు చేసి జట్కాలో శాలిబండకు తిరిగి పోతోంది. పెద్ద దారి నిండా నీళ్లు. మిగిలింది ఆ సందొక్కటే. సందు మొదట్లోనే జట్కా వహీద్ కళ్లెం బిగపట్టాడు.

"నర్సమ్మా, ఈ గల్లీల నా గుర్రం పోదు."

"గుర్రం పోదా, నువ్వు పోవా?"

"ఇద్దరం పోము," అన్నాడు వహీద్ గొంతు తగ్గించి. "ఆడ పోరి దెయ్యముంది. నా చిన్నప్పటి సంది పిలుస్తనే ఉంది. ఒక్క రాత్రి నాగా లేదు."

ఆండాలు నవ్వింది. మంచి నవ్వు కాదు అది.

"గా దెయ్యం నాకు మస్తు ఎరుక, వహీద్ భాయ్. నడుపు."

ఎరుక కాకపోవడమేమిటి? ఆ దెయ్యం ఆమే.

ఆమెను కన్నవాళ్లు ఆ కొట్టంలోనే పాల వ్యాపారం చేసేవాళ్లు. సాయంత్రం వాడికె ఇళ్లకు పాలు పోసి వచ్చి, ఇద్దరూ కలిసి కల్లు కాంపౌండుకు పోయేవాళ్లు. పోతూ పోతూ పిల్లను బర్లతో పాటు లోపలికి తోసి బయట గొళ్లెం పెట్టేవాళ్లు. బర్లకు కుడితి పెట్టడం ఏనాడూ మరవలేదు. పిల్ల తిన్నదా అని ఏనాడూ అడగలేదు. ఒక రాత్రి భయానికి ఆపకుండా పిలుస్తుంటే, అప్పుడే తిరిగొచ్చిన తండ్రి మైసయ్య విన్నాడు. పగ్గం తీశాడు. ఆ తర్వాత ఆండాలు రెండుసార్లు పిలిచి, తన నోరు తనే చేత్తో మూసుకునేది.

కొట్టంలో దెయ్యముందని బస్తీ అంతా చాటింది కూడా మైసయ్యే. దొంగలు బర్ల జోలికి రారని.

తొమ్మిదేళ్ల వయసులో, పేడ బయటికి తోసే కంతలోంచి జారి పారిపోయింది. శాలిబండలో కాన్పులు చేసే దాయి అజీజున్నీసా చేరదీసింది. ఆ ఇంట్లో అంట్లు తోమింది, బడికి పోయింది, చివరికి దవాఖానాలో నర్సయింది. కన్నవాళ్లు పోయారని కబురొస్తే చూడటానికి వెళ్లలేదు. కొట్టం ఇంకెవరో కిరాయికి తీసుకున్నారని విన్నది. తను పారిపోయాక కూడా గొంతు వినిపిస్తోందంటే, బస్తీవాళ్ల కోతలని కొట్టేసేది.

జట్కా కొట్టం ముందుకొచ్చింది.

"అవ్వా... తలుపు తియ్యి."

వహీద్ చేతిలోంచి కమ్చీ కొరడా జారింది. ఆండాలు కొట్టం వైపు తిరిగింది. ఇక్కడ జట్కాలో కూర్చున్నది తనైతే... లోపల ఎవరు?

ఎదురింటి కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. ముసలి గొంతు గుసగుసలాడింది — "ఎవలమ్మా నువ్వు? పలకకు! మూడోసారి పిలవనీ."

బుచ్చమ్మ. ఇరవై ఏళ్ల కిందట కూడా ఆ కిటికీ అంత సందే తెరుచుకునేది.

"అవ్వా... తలుపు..."

ఆగిపోయింది. చూరు నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. ఎంతసేపు చూసినా మూడో పిలుపు లేదు.

"చూసినవా?" అంది బుచ్చమ్మ, గెలిచినట్టు. "మనిషి కాదు. పో బిడ్డా, పానం మీద తీపుంటే పో."

ఆ నిశ్శబ్దం ఎలాంటిదో ఆండాలుకు తెలుసు. అరచేతి ఉప్పదనం నాలుకకు తగిలేంత తెలుసు. జట్కాకున్న కందీలు దీపం పట్టుకుని దిగింది. తలుపు దగ్గరికి పోయిందే గానీ చెయ్యి గొళ్లెం మీదికి లేవలేదు. పేడ వాసన, తడిసిన గడ్డి వాసన... వీపు మీద పాత వాత చురుక్కుమంది. లోపల నిజంగా దెయ్యమే ఉంటే? లేకపోతే... అంతకంటే ఘోరంగా, మనిషే ఉంటే?

గొళ్లెం లాగింది.

రెండు బర్లు తలలెత్తి చూశాయి. వాటి మధ్య ఐదారేళ్ల పిల్ల, నోటిని అరచేత్తో గట్టిగా మూసుకుని కూర్చుంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"పేరేంది బిడ్డా?"

"కమల."

"అవ్వ, బాపు ఏరి?"

"కల్లుకాడికి పోయిండ్రు."

ఆండాలు పిల్లను భుజాన వేసుకుని బయటికొచ్చింది. కిటికీలో బుచ్చమ్మ నోరు తెరుచుకుని ఉంది.

"అయ్యో, కిరాయోళ్ల పోరేనా! నాకేమెరుక? రెండుసార్లే పిలిచె..."

"అప్పుడు నేను పిలిచినా గట్లనే ఇన్నవు, బుచ్చమ్మా. మైసయ్య బిడ్డను. యాదికొస్తున్ననా?"

కిటికీ రెక్క ధడేల్మని మూసుకుంది.

"దవాఖానాకు పోనీ," అంది ఆండాలు. వహీద్ గుర్రాన్ని అదిలించాడు. జట్కా నాలుగడుగులు కదిలిందో లేదో, కమల తలెత్తి వెనక్కి చూసింది.

"అక్క రాదా?"

"ఏ అక్క?"

"లోపలున్న అక్క. నాకు ఆమెనే చెప్పింది. రెండుసార్లే పిలువుమని. మూడోసారి పిలిస్తే బాపు పగ్గం తీస్తడట. ఆమె వీపంత వాతలే..."

ఆండాలు చెయ్యి దానంతటదే తన వీపు మీదికి పోయింది. పోతూ ఆగింది.

వెనక, ఎవరూ లేని కొట్టంలోంచి —

"అవ్వా..."

అదే గొంతు. ఇందాక రెండు. ఇది మూడోది.

"యా అల్లా," అన్నాడు వహీద్. "పలకకు నర్సమ్మా!"

ఆండాలు కళ్లెం అందుకుని గుర్రాన్ని ఆపింది. వెనక్కి తిరిగి, చీకట్లోకి, ఆ బస్తీలో ఇన్నేళ్లూ ఎవరూ పలకని మాట పలికింది.

"ఆఁ... తలుపు తీసే ఉంది. రా."

గాలి లేదు. ఆకు కదల్లేదు. జట్కా మాత్రం వెనకవైపు కొంచెం కిందికి ఒరిగింది.

కమల పక్కకు జరిగి జాగా ఇచ్చింది.