సగం లేచిన చెయ్యి

"రేపట్నుంచి మీరు రాకండి."

సత్యశ్రీ ఆ మాట ఎంత మెల్లగా అన్నదంటే, శ్వాస వదలమంటోందేమో అనుకుని నేను వదిలాను కూడా.

బీరంగూడలో వాళ్ల డాబా మీద పొద్దున ఆరింటికి ఆమె చెప్పే క్లాసు. యోగా కొంత, చీగాంగ్ అనే చైనా వ్యాయామం కొంత. మోకాలి నొప్పికని చేరి పదకొండు రోజులైంది. మిగతా ఏడుగురూ చాపలు చుట్టుకుని అప్పుడే వెళ్లిపోయారు.

"నేనేం తప్పు చేసిన మేడం?"

"నన్ను వెక్కిరిస్తున్నారు." ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది. అది భుజం దాకా వచ్చి ఆగింది. "చిన్నప్పుడు విరిగింది, సరిగా అతకలేదు. ఇంతకన్నా లేవదు. మీది లేస్తుంది కదా? కావాలని ఇక్కడే ఆపుతున్నారు!"

మబ్బును మోస్తున్నట్టు చేతులెత్తమంటే, ఒకటి పైకి, ఒకటి సగం దాకా ఎత్తడంలో ఏదో కిటుకు ఉందనుకుని ఇంట్లో అద్దం ముందు సాధన చేశాను.

"మేడం, నాది ఫ్యాక్టరీల క్వాలిటీ చెకింగ్. శాంపిల్ పీస్ ఎట్లుంటే అన్నీ గట్లనే ఉండాలె. మీరే శాంపిల్ అనుకున్న."

"మిగతా వాళ్లంతా రెండు చేతులూ పైకెత్తుతున్నారుగా?"

"ఆళ్లంత రిజెక్ట్ అనుకున్న."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. ఏడవబోయిందేమో కూడా. ఆ ముఖంలో ఏది ఏదో నాకు అంతుపట్టలేదు.

"మోకాలెలా ఉంది?"

"నొప్పి పెరిగింది. మీరు వంగినంత నేను వంగుతున్న గద."

"మీ ఒంటికి తగినంతే చెయ్యమని రోజూ చెబుతున్నాను! వినరా?"

"మీరు చెప్పేటప్పుడు నేను చూస్త. వినుడు మరుస్త."

అనేశాక ఆ మాట ఎటు పోయిందో తెలిసి బిక్కచచ్చిపోయాను. ఆమె ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాగింది.

"కూర్చుని చెయ్యండి. కళ్లు మూసుకోండి. నన్ను చూడొద్దు."

చేతులెత్తాను. రెండూ ఎంత పైకి పోతాయో ఆ రోజే తెలిసింది. మోకాలు ఊరుకుంది. ఛాతీలో మాత్రం ఏదో వెచ్చగా కదిలింది.

"లోపలేం తెలుస్తోంది?"

"జెర పరేషాన్ ఉంది. ఇది శ్వాసతోని అయితున్నదా, మీతోనా, సమజ్ అయితలేదు."

చినుకులు మొదలయ్యాయి. ఆమె ఉందో, వెళ్లిపోయిందో! కళ్లు తెరిస్తే ఒక బాధ, తెరవకపోతే ఒక బాధ.

పక్కనే ఇంకో కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇరవై ఏళ్లుగా ఈ చేతిని చూసి అందరూ అయ్యో అన్నారు. ఇదే సరైనదని నేర్చుకున్నది మీరొక్కరే. కోప్పడాలో ఏం చెయ్యాలో నాకూ తెలియట్లేదు."

"ఇగ నేను రావాల్నా, వద్దా?"

కింద నుంచి వాళ్ల నాన్నగారి గొంతు. "అమ్మాయ్! వానలో పైన ఎవరితోనే మాటలు? వాళ్లనీ కాఫీకి తీసుకురా!"

"పదండి," అన్నది ఆమె. "ఎందుకింతసేపు ఉన్నారని నాన్న అడుగుతారు. ఏం చెబుతారు?"

"నిజమే చెప్త."

"ఏంటది?"

"నాకు గూడ ఇంకా తెల్వదని."

ఈసారి ఆమె పైకే నవ్వింది. మోకాలు కుదుర్చుకుంటూ నేను మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగాను. ఏ నొప్పీ లేని ఆమె కూడా ఆగుతూనే దిగింది.