లీడియా వెరెస్కోవా ఆఖరి షాట్

తెర మీద లీడియా వెరెస్కోవా చావని చావు లేదు. తుపాకీ గుండుకి చచ్చింది, విషానికి చచ్చింది, రైలు కింద పడి చచ్చింది, ఒకసారి గ్రాండ్ పియానో మీద పడి కూడా చచ్చింది. చాలా సినిమాల్లో ఇంటర్వెల్ దాకా కూడా బతకలేదు.

"ఈసారి నిజంగా చావకుండా చూడు," అన్నాడు చలపతిరావు, జీడిపప్పు పకోడీ నోట్లో వేసుకుంటూ.

పలాసలో ఒక లాడ్జి గది. కిటికీ మూసినా జీడితొక్క కాలుతున్న పొగ లోపలికి వస్తూనే ఉంది. చలపతిరావు సీక్రెట్ సర్వీస్‌లో కామేష్‌కి పై ఆఫీసర్. బ్రీఫింగ్ అంటే ఆయనకి టిఫిన్ టైమ్. నూనె వేళ్ళతోనే ట్యాబ్ మీద ఫొటోలు జరుపుతున్నాడు. ఈ దేశ రహస్యాలన్నిటి మీదా కామేష్‌కి కనిపించేవి ఆ నూనె మరకలే. అసహ్యంతో గోడ వైపు తిరిగాడు.

"వీడు మనోహర్. నిర్మాతా డైరెక్టరూ తనే అంటాడు. హైదరాబాద్‌లో వాణ్ణి ఎరిగినవాడే లేడు. వీడు గ్రెగర్, అండర్‌వాటర్ కెమెరామన్. తన దేశమేదో పాస్‌పోర్ట్ తీసి చూసుకుంటే గాని వాడికే గుర్తు రాదు. వజ్రపుకొత్తూరు అవతల బీచ్‌లో షూటింగ్. నీళ్ళలోకి దించింది కెమెరా కాదు. హైడ్రోఫోన్, నీళ్ళలో చప్పుళ్ళు పట్టే మైకు."

"టార్గెట్?"

"విశాఖ నుంచి ట్రయల్‌కి వచ్చిన మన కొత్త సబ్‌మెరైన్. దాని చప్పుడు రికార్డ్ చేసేశారు. ఆ చప్పుడు బయటికి పోతే అది సముద్రంలో ఎక్కడ దాక్కున్నా శత్రువు పట్టేస్తాడు. లోపల మన పిల్లలుంటారు కామేష్."

"రికార్డింగ్ ఎక్కడుంది?"

"సినిమాలోనే. సౌండ్ ట్రాక్ అడుగున దాచారు. ఒకటే డ్రైవ్, రోజూ తీసిందంతా అందులోకే ఎక్కిస్తారు, కాపీ లేదు. మోసేది లీడియా. సినిమా నటి బ్యాగులో సినిమా ఉంటే ఎవరు అనుమానిస్తారు? కాని సబ్‌మెరైన్ సంగతి తెలిసిన రోజే ఆవిడ మనకి కబురు పంపింది. షూటింగ్ ఇంకో పది రోజులుంది. అయ్యాక ఇచ్ఛాపురం స్టేషన్‌లో డ్రైవ్ నీ చేతికిస్తుంది. మన ల్యాబ్ చప్పుడు తీసేసి, సినిమా ఆవిడకి తిరిగి ఇస్తుంది. ఆవిడ అడిగింది అదొక్కటే."

"ఇస్తామా?"

చలపతిరావు ఇంకో పకోడీ తీసుకున్నాడు. "ఇస్తామని చెప్పాం."

కామేష్ లేచి కిటికీ తెరిచాడు. పకోడీల వాసనకి కాదు.

*

అతని వేషం డైలాగ్ కోచ్. రష్యన్ నటికి ఉద్దానం మాట నేర్పాలి. కామేష్ పుట్టింది టెక్కలిలో. ట్రైనింగ్‌లో ఆ యాసని ఇస్త్రీ చేసినట్టు చదును చేశారు. ఇప్పుడు అదే యాస కోసం ప్రభుత్వం అతన్ని విమానంలో రప్పించింది.

బీచ్ పక్క కొబ్బరితోటలో సెట్. కథేమిటంటే, ఒక రష్యన్ నర్సు ఉద్దానం రైతుని చేసుకుంటుంది. అతని కిడ్నీలు పాడవుతాయి. ఆవిడ జీడిపిక్కలు కాల్చే పనికి పోతూ అతన్ని బతికించుకోవాలని చూస్తుంది. దొంగ సినిమాకి ఇంత మంచి కథ ఎవడు రాశాడో గాని, మనోహర్ మాత్రం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నిజంగా డయాలసిస్ చేయించుకుంటున్న వాళ్ళని పిలిపించి ఎండలో కూర్చోబెట్టాడు.

"మొహాల్లో ఆ నీరసం చూడండి కోచ్ గారూ," అన్నాడు చల్లటి కొబ్బరిబోండాం తాగుతూ. "మేకప్ అక్కర్లేదు."

కామేష్ నవ్వాల్సి వచ్చింది, వేషం కాబట్టి. ఆ నవ్వు తర్వాత చాలాసేపు నోట్లో చేదుగా ఉండిపోయింది. భర్తని తీసుకొచ్చిన బొడ్డమ్మ అనే ఆవిడ అతని దగ్గరకొచ్చి అడిగింది.

"మా ఆయన బొమ్మ పడతాదేటి బాబూ? పడితే మా పిల్లలకి సూపిత్తాను."

"పడుతుందమ్మా," అన్నాడు. తనకీ చలపతిరావుకీ తేడా ఏమిటో ఆ క్షణంలో అతనికి తెలియలేదు.

లీడియా వయసు యాభైకి దగ్గర. ఇప్పటికీ ఆవిడ నడిచొస్తుంటే లైట్ బాయ్స్ లైట్లు మరిచిపోతున్నారు. మధ్యాహ్నం చాప మీద కూర్చుని, ఇంగ్లీషులో తన కెరీర్ అంతా చెప్పింది.

"మొదటి సినిమాలో నేను సైన్యం వైర్‌లెస్ ఆపరేటర్ని. పంతొమ్మిదేళ్ళు. బహుమతి వచ్చింది. అందంగా ఉన్నానని ఆ తర్వాత అందరూ గూఢచారి వేషమే ఇచ్చారు. గౌను, సిగరెట్, చావు. తర్వాత టీవీ సీరియల్స్. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టే పిండివంటల ప్రకటన. తర్వాత ముంబై. హీరో వెనకాల నిలబడే తెల్లమ్మాయి." నవ్వింది. "నోరు విప్పి వరసగా నాలుగు మాటలు చెప్పే పాత్ర ఇన్నేళ్ళలో ఇదే. అది కూడా దొంగలు ఇచ్చారు. అసహ్యంగా లేదూ?"

"ఉంది," అన్నాడు కామేష్.

"అయినా నాకు ఈ సినిమా కావాలి."

కోడ్ మాటలు మూడు అనుకున్నారు. కోచ్ "మెల్లగా" అంటే ఆగమని. "గట్టిగా" అంటే ప్రమాదమని. "వదిలెయ్యండి" అంటే ఇక దారి లేదు, డ్రైవ్ నాశనం చెయ్యమని. మూడో మాట రాసుకోకుండానే ఆవిడ తల ఊపింది.

ఆ సాయంత్రం టేక్. నులకమంచం మీద భర్త వేషం వేసినవాడు, పక్కన లీడియా. కామేష్ మానిటర్ ముందు నిలబడ్డాడు.

"నానెక్కడికీ ఎల్లను," అంది లీడియా. "నీ రగతం ఆ మిసన్లో తిరుగుతుంటే నానిక్కడ అన్నమెలాగ తింతాను? నువ్వు బతికితే నీతో ఉంతాను. పోతే ఈ ఇసకలో ఉంతాను."

కట్ చెప్పాల్సిన మనోహర్ ఫోన్ చూసుకుంటున్నాడు. ఎవరూ కట్ చెప్పలేదు. బొడ్డమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మనుషుల్ని నమ్మించడమే ఉద్యోగంగా బతికిన కామేష్‌కి, ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక మాట నమ్మాలనిపించింది.

*

మర్నాడు ప్రొడక్షన్ వ్యాన్ దగ్గర టీ తాగుతుంటే కామేష్ కంట గుమ్మడికాయ పడింది. పెద్దది. పైన గుండ్రంగా కోసి, లోపల కుంకుమ నింపి, మూత పెట్టి ఉంది.

"ఇదేంటి పోలారావు గారూ?"

పోలారావు పలాస మనిషి. యూనిట్‌కి సామాన్లు తెచ్చేది అతనే. దొంగలతో పనిచేస్తున్నానని పాపం అతనికి తెలియదు.

"ఏటి కోచ్ బాబూ, తెలీనట్టు అడుగుతారు! సాయంత్రానికి సామాన్లు కట్టేయమన్నారు ప్రొడ్యూసర్ గారు. ఆకరి రోజు గుమ్మడికాయ కొట్టొద్దేటి? ఆయన సెప్పడం మరిసిపోనారు, నానే తెచ్చీసాను."

కామేష్ చేతిలో టీ చల్లారిపోయింది. ఇంకో పది రోజుల షూటింగ్ లేదు. ఇచ్ఛాపురం స్టేషన్ లేదు. డొంకూరు వైపు నుంచి ఒక బోటు ఇటే వస్తోంది, ముక్కు తీరానికి తిప్పి. లీడియా మీద అనుమానం వచ్చో, మామూలు జాగ్రత్తకో, మనోహర్ డ్రైవ్ తనే పట్టుకుపోబోతున్నాడు.

జేబులో హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన గాడ్జెట్ ఉంది. చూడ్డానికి పవర్‌బ్యాంక్, లోపల జామర్, ట్రాన్స్‌మిటర్. నొక్కాడు. ఉప్పుగాలికి జామర్ ఏనాడో చచ్చింది. ట్రాన్స్‌మిటర్ మాత్రం బతికింది. ఫోన్‌లో జవాబు వచ్చింది: పోలీసులు బయల్దేరారు, గంట పడుతుంది.

బోటుకి గంట పట్టదు.

మనోహర్ లీడియా ముందు చెయ్యి చాచాడు. "డ్రైవ్ ఇవ్వండి మేడమ్." అతని వెనక గ్రెగర్. గ్రెగర్ చొక్కా కింద పిస్టల్ ఆకారం దాగలేదు.

"కొంచెం మెల్లగా మేడమ్," అన్నాడు కామేష్, స్క్రిప్ట్ కాగితాలు తిరగేస్తూ. "జీడిపిక్కలు కాల్చే షాట్ మిగిలిపోయింది కదా?"

"అక్కర్లేదు," అన్నాడు మనోహర్.

"అదేటి బాబూ!" పోలారావు గుమ్మడికాయ పట్టుకుని ఉలిక్కిపడ్డాడు. "సాటు మిగిలుండగా గుమ్మడికాయ కొడతారేటి? పొయ్యి ముట్టించీసాం కూడానూ. అరిష్టం! నాను కొట్టను."

జనం దగ్గరకి జరిగారు. "మరే, ఆ అమ్మ సాటు తియ్యండి," అంది బొడ్డమ్మ. అంతమంది ముందు నిర్మాత కాదని తేలిపోతే అసలుకే మోసం. మనోహర్ పళ్ళు నూరాడు. "ఒకే ఒక్క టేక్. త్వరగా."

పొయ్యి మీద ఇనప పెనం, దాని నిండా పిక్కలు. లీడియా అట్లకాడతో తిప్పుతోంది. వేడికి తొక్కలు పగిలి జీడినూనె చిమ్ముతోంది. ఇంకాసేపట్లో అంటుకుంటుంది. ఒకసారి అంటుకుంటే ఆ మంట దగ్గరకి ఈ ఊళ్ళో ఎవరూ పోరు. డ్రైవ్ ఆవిడ చీర కుచ్చిళ్ళ దగ్గర సంచిలో ఉంది.

బోటు ఇసుక తాకింది. ఇద్దరు దిగారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి వలలు కావు.

లీడియా కామేష్ వైపు చూసింది. నిన్నటి టేక్ ఆ సంచిలోనే ఉందని ఇద్దరికీ తెలుసు. బొడ్డమ్మ మొగుడి మొహం కూడా అందులోనే ఉంది. ఆ మాట అనాల్సింది తనే అయినందుకు కామేష్‌కి తన ఉద్యోగం మీద, తన మీద రోత పుట్టింది.

"ఆఖరి మాట... వదిలెయ్యండి మేడమ్."

ఆవిడ అట్లకాడ ఆపలేదు. చీర సర్దుకున్నట్టే సంచి తీసి పెనంలో వేసింది. సరిగ్గా అప్పుడే పిక్కలు అంటుకున్నాయి. నల్లటి పొగతో నిలువెత్తు మంట లేచింది.

మనోహర్ కేక పెట్టి పెనంలో చెయ్యి పెట్టాడు. జీడినూనె సంగతి వాడికి తెలియదు. చర్మం ఊడొచ్చిన చేతిని పట్టుకుని ఇసుకలో దొర్లాడు. గ్రెగర్ పిస్టల్ తీశాడు గాని, హీరోయిన్ మీదికి వస్తున్నాడనుకుని పోలారావు చేతిలో గుమ్మడికాయ వాడి నెత్తిన కొట్టాడు. కుంకుమలో మునిగిన గ్రెగర్‌ని జనం పడగొట్టి మీద కూర్చున్నారు. కామేష్ ఆ పిస్టల్ అందుకుని గాల్లోకి ఒకటి పేల్చాడు. బోటు దిగిన ఇద్దరూ వెనక్కి చూడకుండా నీళ్ళలోకి పరుగెత్తారు. గంట తిరిగేసరికి కోస్టల్ పోలీసులు సముద్రంలో బోటుని చుట్టేశారు.

*

పలాస స్టేషన్. లీడియా అరచేతులు జీడినూనెకి నల్లబడ్డాయి. ఎంత కడిగినా పోలేదు.

"నిజం చెప్పండి," అంది. "మీ ఆఫీసు నాకు సినిమా తిరిగి ఇచ్చేదా?"

"ఇచ్చేది కాదు."

"తెలుసు. అబద్ధాలాడే మనుషుల వేషాలే కదా జీవితమంతా వేశాను." రైలు కూత పెట్టింది. ఆవిడ గొంతు మార్చి అడిగింది. "బాగున్నాదా బాబూ, నా యాస?"

ఈసారి కామేష్‌కి అబద్ధం అవసరం రాలేదు. "బాగుందమ్మా. చాలా బాగుంది."

రైలు కదిలాక ఫోన్ మోగింది. అవతల చలపతిరావు ఏదో నములుతున్నాడు. "గుడ్ వర్క్ కామేష్. రిపోర్ట్‌లో రాయాలి గాని, అసలా సినిమా ఎలా ఉందయ్యా?"

"ఒక్క ఆటే ఆడింది సార్," అన్నాడు కామేష్. "పైరసీ భయం లేదు."