ఏడో పేరు

2041 నవంబరు పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. డాక్టర్ వైజయంతిగారు మా రేవులో ఇసక మీద కూర్చుని, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని, సముద్రంలో తేలుతున్న బోయా అనే పీపాలాంటి యంత్రం చేత పేర్లు పిలిపిస్తున్నారు.

ఆ యంత్రం సంగతి చెబుతాను. డాల్ఫిన్లు మనలాగే గాలి పీల్చుకోవాలి. వలలో చిక్కితే పైకి రాలేక, ఊపిరాడక పోతాయి. ఒక్కోదానికి తనదంటూ ఒక ఈల ఉంటుంది, పేరన్నమాట. బోయా ఆ ఈలలు నేర్చుకుని, వల వేసినప్పుడు దూరం నుంచి పేరుపేరునా పిలుస్తుంది. అవి అటు వెళ్ళి వల తప్పించుకుంటాయి. మా రేవు మందలో ఏడు. గంగమ్మ తల్లి దయవల్ల రెండేళ్ళుగా ఒక్కటీ పోలేదని ఆవిడ రిపోర్టు.

"ఏడోది పిల్ల. పదకొండు రోజులుగా పలకడం లేదు. సౌండ్ పెంచుతాను," అన్నారు వైజయంతిగారు.

"పెంచకమ్మా," అంది మా అత్త నూకరత్నం. "పిలిచినప్పుడల్లా దాని తల్లి ఆ బోయా చుట్టూ తిరుగుతోంది. తిండి తింటోందా?"

"లేదమ్మా. చిక్కిపోయింది. ఇలాగైతే బతకదు."

వల బాగుచేస్తున్న మామగారు తల ఎత్తలేదు. "ఆ పిల్ల లేదమ్మగోరూ. నా వల్లోనే పోనాది. కొత్త పంచెలో సుట్టి పాతిపెట్టినాను. సిగ్గేసి మీకు సెప్పనేదు."

సముద్రంలో బోయా మళ్ళీ ఏడో పేరు పిలిచింది.

మా ఇంట్లో ఒక ఆచారం. సముద్రంలో పోయినవాళ్ళని తీరాన పేరుపెట్టి పిలవరు. పిలిస్తే, పైలోకానికి వెళ్ళేవాళ్ళు దారిలో ఆగిపోతారట. అత్త పెద్దకొడుకు, మా బావగారు, వేటకెళ్ళి సముద్రంలో పోయి తొమ్మిదేళ్ళు. అత్త ఆ పేరే ఎత్తలేదు. ఆయన కంచం మాత్రం రోజూ కడిగి బోర్లిస్తుంది.

"ఆపీ తల్లీ," అంది అత్త. "పోయినోళ్ళు ఆగిపోతారని మా పెద్దోళ్ళు అనీవోరు. ఆగిపోయేది బతికున్నోళ్ళే."

వైజయంతిగారు ఏడో పేరు చెరిపేశారు. బోయా ఆరుగురినే పిలిచింది. తల్లి డాల్ఫిన్ కాసేపు తిరిగి, తనే ఒక్కసారి బిడ్డ ఈల వేసి, మందవైపు వెళ్ళిపోయింది.

అప్పుడే కంప్యూటర్ తెర వెలిగింది: కొత్త పేరు నమోదైంది, ఏడు.

"అయ్యో! తల్లి వేసిన ఈల విని పిల్లే వచ్చిందనుకుంటోంది బోయా. విన్న పేరల్లా నేర్చుకోమని నేర్పింది నేనే!" వైజయంతిగారికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మళ్ళీ చెరపబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"రాసుండనీ తల్లీ. పిలవద్దంతే."

మర్నాడు ఉదయం మామగారు వల అటక మీద పడేసి, గేలంతోనే వేటకి వెళ్ళారు. అత్త దీపం పెట్టి, బోర్లించిన కంచం తిరగేసి, చద్దన్నం వడ్డించి వైజయంతిగారికి ఇచ్చింది.

"ఉల్లిపాయే గతి. చేపలన్నీ నీ పిల్లలే తినేసినాయి," అంది. తరవాత మెల్లగా, "మా పెద్దోడు పరదేశి కంచమమ్మా. తిను," అంది.