ఇంటర్నులను ఎంచిన కుర్చీ

"రెప్ప వెయ్యి, ఊపిరి తీసుకో, ఏం ఫర్వాలేదు. తల మాత్రం కదపకమ్మా," అన్నారు డాక్టర్ సుగుణకుమారి.

నూకరత్నం తల కదపలేదు. పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఎదురుగా తెర, కళ్ళ మీదికి గురిపెట్టిన రెండు చిన్న కెమెరాలు, వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం. తెర మీద బొమ్మ మారినప్పుడల్లా గొట్టంలోంచి ఆ చోటి వాసన వచ్చేది, చెవుల్లో ఆ చోటి చప్పుడు వినిపించేది.

నూకరత్నం ఒక పథకం వేసుకునే వచ్చింది. గాలి పరీక్షల లాబ్ బొమ్మ రాగానే కళ్ళు పెద్దవి చెయ్యాలి. మిగతావి వచ్చినప్పుడు నీరసంగా చూడాలి. అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు కూడా చేసింది.

అప్పటికి విశాఖపట్నంలో పెట్రోలు బండ్లు మాయమై చాలాకాలమైంది. బీచ్ రోడ్డు మీద ట్రాములు చప్పుడు చెయ్యకుండా తిరుగుతున్నాయి. కొండ మీద నిలబడితే సముద్రం చివరి దాకా తేటగా కనిపిస్తోంది. గాలి బాగుపడింది కానీ నీళ్ళూ, మట్టీ బాగుపడాల్సి ఉంది. ఆ పని చూసే ప్రభుత్వ సంస్థ పేరు తీర పర్యావరణ మండలి. పర్యావరణ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఆఖరి ఏడాదిలో ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేస్తేనే డిగ్రీ చేతికొస్తుంది. అందరి కన్నూ మండలి మీదే. ఉన్న కాసిని సీట్లూ ప్రతి ఏడూ ఎవరెవరి మేనకోడళ్ళకో, ఎవరెవరి బావమరుదులకో వెళ్ళిపోయేవి. నూకరత్నానికి సిఫారసు చెయ్యగల వాళ్ళెవరూ తెలియదు. తల్లి అప్పలకొండమ్మ పూర్ణా మార్కెట్ దగ్గర జాకెట్లు కుడుతుంది. నూకరత్నం పెట్టిన దరఖాస్తులకు మండలి నుంచి ఏనాడూ ఉలుకూ పలుకూ లేదు.

ఆ ఏడాది డాక్టర్ సుగుణకుమారి తయారుచేసిన యంత్రం వచ్చింది. దాని పేరు ఆసక్తిమాపకం. మండలిలో అందరూ కుర్చీ అనేవారు.

అది మనసులో మాటలు చదివే యంత్రం కాదు. పసిపిల్ల అన్నం తింటూ ఉండగా కిటికీ మీద చిలక వాలిందనుకోండి. నమలడం ఆగిపోతుంది, ఊపిరి ఒక్క క్షణం నిలుస్తుంది, కంటిపాప విప్పారుతుంది. ఆ పిల్ల చెప్పక్కర్లేదు, ఎవరూ అడగక్కర్లేదు. కుర్చీ కనిపెట్టేది అంతే. మండలిలో జరిగే పనులన్నీ ఒకదాని తరవాత ఒకటి చూపిస్తుంది, వినిపిస్తుంది, వాసన చూపిస్తుంది. ఏ పని దగ్గర ఊపిరి నిలిచిందో ఆ పనికి పంపిస్తుంది. ముఖం ఎంతైనా నటించవచ్చు. కంటిపాప నటించదు.

"అయిపోయింది, లే," అన్నారు సుగుణకుమారి.

తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి. గెడ్డమొగ మట్టి కేంద్రం.

నూకరత్నం ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకుంది. ఊళ్ళోని మురుగంతా మోసుకుని గెడ్డ వాగు సముద్రంలో కలిసే చోటు అది. ఆ పక్కగా వెళ్ళే ట్రాములో కిటికీలు తెరవరు.

"మేడమ్, పొరపాటేమో. నేను గాలి లాబ్ బొమ్మలే శ్రద్ధగా చూశానండి."

"చూశావు. కళ్ళు ఎంత పెద్దవి చేశావంటే కెమెరా బెదిరిపోయింది." సుగుణకుమారి నవ్వుతూ గ్రాఫు తిప్పి చూపించారు. "ఇదిగో గాలి లాబ్. నీ గుండె నిద్రపోతోంది. ఇక్కడ బురదలో బుడగ పైకొచ్చి పగిలింది చూడు. ఊపిరి బిగబట్టేశావు. నీకే తెలీలేదు."

"మురుగు వాసనంటే నాకు ఇష్టమని చెప్తోందా ఇది?"

"ఎందుకు ఇష్టమో దానికి తెలీదమ్మా, నాకూ తెలీదు. రెండు వారాలు చెయ్యి. నచ్చకపోతే లాబ్‌లో సీటు నేనిస్తాను. మాట."

ఇంటికెళ్ళి చెప్పేసరికి అప్పలకొండమ్మ కుట్టు మెషిను ఆపేసింది.

"ఏటే, నీకు డిగ్రీ సదివించినాది మురికి గెడ్డలో దిగడానికేటే? రేపు నలుగురూ అడిగితే ఏటి సెప్పమంతావు?"

"గవర్నమెంటు ఆఫీసులో అని సెప్పమ్మా."

"ఆఫీసులో కాళ్ళకి బురదంటుతాదేటి?"

నూకరత్నం మర్నాడు ముక్కుకు చున్నీ చుట్టుకుని ట్రామెక్కింది.

మట్టి కేంద్రమంటే ఒక రేకుల షెడ్డు, కొన్ని జల్లెళ్ళు, ఒక మైక్రోస్కోపు, గోడకు వేలాడే గమ్‌బూట్లు. సుగుణకుమారి స్వయంగా బూట్లు తొడుక్కుని పని చూపించారు. సముద్రపు పోటు తగ్గిన వేళ బురదలోకి దిగాలి. పొడుగాటి గొట్టం నిలువుగా గుచ్చి, మూత బిగించి పైకి లాగాలి. గొట్టంలో వచ్చిన మట్టిని జల్లెట్లో పోసి నెమ్మదిగా కడగాలి. మిగిలినదాంట్లో ప్రాణమున్నది ఏదైనా ఉందేమో చూడాలి.

"ఉంటుందా మేడమ్?"

"ఇన్నేళ్ళుగా లేదు. అందుకే ఎవరూ ఈ సీటు అడగరు."

మొదటిరోజు నూకరత్నం మోకాళ్ళ దాకా దిగబడింది. రెండోరోజు ఒక బూటు బురదకే వదిలేసి వచ్చింది. మూడోరోజు చున్నీ సంగతి మరిచిపోయింది. నీరు వెనక్కి తగ్గగానే బురదంతా చిటపటమని చిన్నగా చప్పుడు చేసేది. ఎక్కడో ఒక బుడగ లేచేది, పగిలేది, దాని చుట్టూ వలయాలు పడేవి. వాన వెలిసిన మర్నాడు నల్లగా ఉన్న మట్టి పైన బూడిదరంగు పొర కనబడింది. అంటే మట్టిలోకి గాలి దిగుతోందన్నమాట. పాఠంలో చదివి మార్కులు తెచ్చుకున్న విషయమే. వేలితో గీసి చూసినప్పుడు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. సాయంత్రం షెడ్డు తాళం వేస్తుంటే, ఇంకాసేపుంటే బాగుండునని అనిపించి, తనమీద తనకే నవ్వొచ్చింది.

రెండు వారాలు దాటిపోయినా లాబ్ సీటు మాట ఎత్తలేదు. సుగుణకుమారీ అడగలేదు.

ఒక ఉదయం జల్లెడ కడుగుతుంటే అడుగున ఎర్రటి దారప్పోగు లాంటిది కదిలింది. నూకరత్నం దాన్ని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపు కిందికి తోసింది. వానపాము కంటే సన్నం, రెండు పక్కలా దువ్వెన పళ్ళలాంటి కాళ్ళు. బతికే ఉంది. మళ్ళీ గొట్టం గుచ్చింది. ఇంకొకటి. అవతలి గట్టు దగ్గర గుచ్చింది. అక్కడ ఏకంగా గుంపు.

ఫోనులో ఆమె అరుపుకు సుగుణకుమారి చేతిలో కాఫీ తొణికింది.

"మేడమ్, గెడ్డ బతికింది! పురుగులొచ్చాయండి! పురుగులొచ్చాయి!"

పురుగులొచ్చాయని ఎవరైనా అంత సంబరపడటం ఆ సంస్థ చరిత్రలో అదే మొదలు.

సరిగ్గా ఆ వారమే మండలి డైరెక్టర్ వైకుంఠరావు గారు కుర్చీ ఉన్న గదిలోనే దాని గురించి సమావేశం పెట్టారు. ఆయన నిజాయితీపరుడే, కానీ పని భారంతో ఎప్పుడూ తలనొప్పిగా ఉన్నట్టు కనిపించేవారు. కుర్చీ వచ్చాక సిఫారసు ఫోన్లన్నీ ఆయన మీదే పడుతున్నాయి. ఎవరి మేనకోడలినో యంత్రం తాబేళ్ళ గుడ్లకు కాపలా పంపింది. ఎవరి బావమరిదినో చెత్తకుప్ప బరువు తూచమంది. ఆ పిల్లలు సంతోషంగానే ఉన్నారు. మండిపడుతున్నది పంపినవాళ్ళు.

"ఈ యంత్రాన్ని ఆపేద్దామండీ. పాత పద్ధతే నయం," అన్నారాయన.

సుగుణకుమారి వాదించలేదు. నూకరత్నాన్ని పిలిచి, తెచ్చింది చూపించమన్నారు. నూకరత్నం గాజు సీసా బల్ల మీద పెట్టి, పురుగులు ఎక్కడ దొరికాయో, నల్లమట్టి బూడిదరంగుకు ఎలా తిరిగిందో గుక్కతిప్పుకోకుండా చెప్పింది. చుట్టూ అధికారులున్నారన్న బెదురు కూడా లేదు.

వైకుంఠరావు గారు సీసా వైపు చూడకుండానే, "అదృష్టం కొద్దీ దొరికి ఉంటాయి. యంత్రం గొప్పేముంది?" అన్నారు.

"అయితే ఒక్కసారి మీరే కూర్చుని చూడండి సార్," అన్నారు సుగుణకుమారి. "తప్పు చెప్తే నేనే స్విచ్చి తీసేస్తాను."

వైకుంఠరావు గారు వాచీ తీసి జేబులో వేసుకుని కుర్చీలో వాలారు. డైరెక్టర్ గది బొమ్మ వచ్చింది. ఫైళ్ళు, ఏసీ చప్పుడు, కొత్త కార్పెట్ వాసన. ఆయన గ్రాఫు నేలబారుగా పాకింది. సమావేశాల బొమ్మ వచ్చింది. పాకడం కూడా మానేసింది. ఎన్నో బొమ్మలు గడిచాక గెడ్డ బురద వచ్చింది, మురుగు పట్టకముందు తీసిన పాత బొమ్మ. ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నది ఉన్న ఎర్ర పీత ఒకటి బొరియలోంచి బయటికొచ్చి, ఆ పెద్ద చేతిని ఊపింది.

గ్రాఫు కొండెక్కింది.

గెడ్డమొగ మట్టి కేంద్రం, ఇంటర్న్. అక్షరాలు తెరమీద వెలిగాయి. యంత్రంలో వయసు పరిమితి పెట్టాలన్న సంగతి సుగుణకుమారికి తట్టనేలేదు.

"మళ్ళీ పెట్టండి," అన్నారు వైకుంఠరావు గారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే. ఆయన లేచి, వాచీ పెట్టుకుని, సమావేశం ముగిసిందని కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ బల్ల మీది సీసా దగ్గర ఆగి, వంగి చూశారు. చాలాసేపే చూశారు.

ఆ ఆదివారం నూకరత్నం షెడ్డు దగ్గరకు వెళ్ళేసరికి ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకున్న మనిషొకాయన గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నారు.

"చిన్నప్పుడు భీమిలిలో మా మేనత్త ఇంటి వెనక ఇలాంటి పీతలుండేవమ్మా," అన్నారు వైకుంఠరావు గారు తల తిప్పకుండానే. "పొద్దస్తమానం వాటి వెనకే తిరిగేవాణ్ణి. పెద్దయ్యాక వీటితో ఉండొచ్చనే ఈ ఉద్యోగంలో చేరాను. ప్రమోషన్ల మీద ప్రమోషన్లు ఇచ్చి పీతల్ని దూరం చేసేశారు."

"ఇక్కడ పీతలింకా రాలేదండి. పురుగులే."

"పురుగులొచ్చాయి కదా, మట్టి బాగుపడితే పీతలూ వస్తాయి. ఆ గొట్టం ఇలా ఇవ్వు."

"ముందు బూట్లు వేసుకోండి సార్," అంది నూకరత్నం. "ఇక్కడ బూట్లు లేకుండా ఎవరూ దిగకూడదు."

"అలాగేనమ్మా," అని డైరెక్టర్ గారు బుద్ధిగా బూట్లు వేసుకున్నారు.

వారం తిరక్కుండా ఆయన చదువు సెలవు పెట్టి గెడ్డమొగలో ఇంటర్న్‌గా చేరిపోయారు. కేంద్రంలో ముందు చేరింది నూకరత్నం కాబట్టి రోజూ ఆమెకే రిపోర్టు ఇచ్చేవారు. తలనొప్పి మాత్రలు మానేశారు. చూడ్డానికి వచ్చిన అప్పలకొండమ్మ, మండలి డైరెక్టరు తన కూతురి ముందు జల్లెడ పట్టుకుని నిలబడి, "సరిగ్గా కడిగానా అమ్మా?" అని అడగటం చూసింది. ఆ మర్నాటి నుంచి పూర్ణా మార్కెట్‌లో ఎవరు అడిగినా, అడక్కపోయినా, "మా పిల్ల గెడ్డలో పని సేస్తంది!" అని గొంతెత్తి చెప్పేది.

అన్నీ బాగానే ఉన్నాయి, డైరెక్టర్ గది ఖాళీగా ఉండటం తప్ప. అధికారులంతా ఒకరి తరవాత ఒకరు కుర్చీలో కూర్చుని చూశారు. ఒకరు చేపలపిల్లల చెరువుకు, ఒకరు విత్తనాల నర్సరీకి, ఒకరు పడవకు వెళ్ళిపోయారు. ఫైళ్ళ బొమ్మ దగ్గర ఒక్క కంటిపాపా విప్పారలేదు. చివరికి ప్రభుత్వం, ఆ కుర్చీ ఎక్కని ఒకే ఒక్క అధికారిని ఇన్‌ఛార్జి డైరెక్టరుగా వేసింది. ఆమె డాక్టర్ సుగుణకుమారి.

డిగ్రీ కాగితం మీద సంతకం కోసం నూకరత్నం వెళ్ళేసరికి ఆవిడ రెండు ఫైళ్ళ గుట్టల మధ్య కూర్చుని ఉన్నారు. లాబ్ కోటు తలుపు వెనక వేలాడుతోంది. కిటికీలోంచి సముద్రం మీది ఎండ టేబులు దాకా వచ్చింది.

"అవతలి గట్టున పీత కనబడింది మేడమ్! సార్ అక్కడే కూర్చున్నారు, భోజనానికి కూడా లేవనంటున్నారు."

సుగుణకుమారి ముఖం వెలిగిపోయింది. సంతకం పెట్టి కాగితం చేతికిస్తూ, ఎంత పెద్దది, ఏ చెయ్యి ఊపింది, అన్నీ అడిగి తెలుసుకున్నారు.

"మీరు ఒక్కసారి కూడా ఆ కుర్చీలో ఎందుకు కూర్చోలేదండీ?" అంది నూకరత్నం.

సుగుణకుమారి కిటికీ వైపు ఓసారి చూసి, ఇంకో ఫైలు ముందుకు లాక్కున్నారు.

"కూర్చోనమ్మా. అది నిజం చెప్పేస్తుంది. ఈ సంతకాలు ఎవరు పెడతారు?"