కత్తితో కోసిన స్పగెట్టీ

“రేపు మధ్యాహ్నం భోజనాల వేళ మీ మావగారిని చంపబోతున్నారు,” అన్నాడు బాస్, టీలో బిస్కెట్ ముంచుకుంటూ.

ఎదురుగా కూర్చున్నవాడు తన టీ కప్పు కింద పెట్టేశాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు అల్లుడు. పెళ్లికి సెలవు అడగడానికి వచ్చిన రోజున బాస్ తగిలించిన కోడ్ నేమ్ అది. ఆ తర్వాత ఎన్ని మిషన్లు చేసినా, ఎన్ని వేషాలు కట్టినా ఆ పేరు మాత్రం వదల్లేదు. డ్రైక్లీనింగ్ షాపు వెనక, ఇస్త్రీ ఆవిరి నిండిన ఆ ఇరుకు గదే వాళ్ల హెడ్‌క్వార్టర్స్.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. మావగారు లోహశాస్త్రంలో ప్రొఫెసర్. జలాంతర్గామి కదిలే చప్పుడు శత్రువు సోనార్‌కి అందకుండా మింగేసే ఒక కొత్త లోహాన్ని తయారుచేస్తున్నాడు. ఫార్ములా సగం ల్యాబ్‌లో ఉంటే సగం ఆయన బుర్రలో ఉంది. ‘గొడుగు’ అనే విదేశీ ముఠా ఆయన్ని కొనాలని చూసింది, తర్వాత బెదిరించి చూసింది. ఆయన లొంగలేదు. ఇక ఆ బుర్రే లేకుండా చేద్దామని నిర్ణయించుకుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆయన ఊళ్లో ఉన్న చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌లో ఒంటరిగా భోంచేస్తాడు. విషం అక్కడే పెడతారు. తెచ్చేవాడు ఒకడు, వాడేవాడు మరొకడు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు, ఏదో సిగ్నల్ చూసి కలుసుకుంటారు. ఆ సిగ్నల్ ఏమిటన్నదే డిపార్ట్‌మెంట్‌కి అంతుపట్టలేదు.

అయితే ఆయన్ని ఇంట్లోంచి కదలనివ్వకుండా చూస్తే సరిపోతుంది కదా అన్నాడు అల్లుడు. రేపు ఆపితే ఎల్లుండి ఇంకోచోట చంపుతారు, అప్పుడు మనకి ఈ కబురు కూడా అందదు, ఇద్దరూ రెడ్ హ్యాండెడ్‌గా దొరకాలి అన్నాడు బాస్.

“పైగా, నువ్వు చెబితే ఆయన వింటాడా?”

వినడు. ఆ సంగతి అల్లుడికంటే బాగా ఎవరికి తెలుసు? మావగారి లెక్కలో అతను ఇన్సూరెన్స్ పాలసీలు అంటగడుతూ ఊళ్లు తిరిగే ఒక పనికిమాలిన మనిషి. పెళ్లయిన కొత్తలో అత్తవారింట స్పగెట్టీ వండిన రోజున, ఫోర్కుకి చుట్టుకోవడం చేతకాక, కత్తి పుచ్చుకుని ముక్కలు ముక్కలుగా కోసుకు తిన్నాడు. మావగారు ఆ ప్లేటు వంక చూసి, కూతురి వంక చూసి, లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆయన అల్లుణ్ణి నోరారా పిలిచింది లేదు. చెప్పవలసిందేమైనా ఉంటే, అతను పక్కనే కూర్చున్నా సరే, “అతనికి చెప్పమ్మా” అని కూతురితో అంటాడు.

“నీకు జోడీగా వదిన వస్తుంది,” అన్నాడు బాస్. “నిన్నే కావాలని అడిగింది.”

వదిన ఒకప్పుడు గొడుగు ముఠా మనిషి. ఏడాది కిందట ఇటు ఫిరాయించింది. ఆమె నడిచి వెళ్తే ఫైళ్లు రాసేవాళ్ల కలాలు ఆగిపోయేవి. వదిన అని పిలిస్తే ఎవరికీ పిచ్చి వేషాలు తోచవని బాసే ఆ పేరు పెట్టాడు. మనిషి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మిషన్‌లో అల్లుడికి అలాంటి తోడు దొరకడం అదృష్టమే. కాని పక్క టేబుల్ దగ్గర సొంత మావగారు ఉండగా, అంత అందగత్తెతో కలిసి భోంచేయాలంటే మాత్రం అతని తల ప్రాణం తోకకొచ్చింది.

టెక్నికల్ సెక్షన్ వాళ్లు అతనికి నెరిసిన జుట్టు, కళ్లజోడు, దట్టమైన మీసం అతికించారు. ఆ మీసంలోనే మైక్ ఉంది. మెల్లగా గొణిగితే చాలు, బ్యాకప్ మనిషికి వినిపిస్తుంది. తడి మాత్రం తగలనివ్వొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఇటాలియన్ భోజనానికి వెళ్లేవాడికి తడి తగలకూడని మీసం పెట్టిన మహానుభావుడు ఎవరో అల్లుడికి చివరిదాకా తెలియలేదు.

రెస్టారెంట్ ఒక సందు మలుపులో ఉంది. తలుపు తీస్తే చిన్న గంట మోగుతుంది. లోపల ఎర్ర గళ్ల టేబుల్ క్లాత్‌లు, తక్కువ ఎత్తు కప్పు, గోడనిండా యజమాని కుటుంబం ఫొటోలు. ఒక మూల కట్టెల పొయ్యిలో రొట్టె పొంగుతోంది. నూనెలో వేగుతున్న వెల్లుల్లి వాసనకి, ఆకలి లేనివాడికి కూడా నోరూరుతుంది. కిటికీ పక్కన స్టూలు మీద ఒక బక్కమనిషి అకార్డియన్ వాయిస్తున్నాడు. అతనే బ్యాకప్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని పక్కవాద్యం అంటారు.

వంటంతా ఓనరమ్మదే. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. వంటింటి తలుపు పక్కన ఆమె స్వయంగా వేసిన బొమ్మ ఒకటి వేలాడుతోంది. స్పగెట్టీ ప్లేటు, మీద కత్తి, ఆ కత్తిని అడ్డంగా కొట్టేసిన ఎర్ర గీత. ఆ ఊళ్లో అందరికీ దాని అర్థం తెలుసు. ఎవరైనా స్పగెట్టీని కత్తితో కోస్తే ఆమె వంటింట్లోంచి ఊడిపడి, ప్లేటు లాక్కుని, చడామడా తిట్టి పంపేస్తుంది. ఊరి పెద్దలైనా ఒకటే, పెళ్లివారైనా ఒకటే.

మావగారు అప్పటికే పొయ్యి దగ్గర తన టేబుల్‌కి వచ్చేశాడు. ఇటు వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నాడు. ఆ పక్క టేబులే వదిన ముందుగా బుక్ చేసింది. పాత వెయిటర్ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడట, ఒక కొత్త వెయిటర్ తిరుగుతున్నాడు. అల్లుడు వాడి మీద ఒక కన్ను వేసి ఉంచాడు.

“స్పగెట్టీ చెప్పనా ఇద్దరికీ?” అంది వదిన నవ్వుతూ.

“వదినా, నాకు అది...”

“ఇక్కడ అదే ఫేమస్.”

ప్లేట్లు వచ్చాయి. చిక్కటి టమాటా సాస్, పైన తులసిలాంటి పచ్చని ఆకులు. అల్లుడు ఫోర్కుకి చుట్టాడు, అది జారింది. మళ్లీ చుట్టి నోట్లో పెట్టుకున్నాడు. చివర వేలాడిన పోగు ఒకటి ఎగిరి మీసానికి చరుచుకుంది. మీసంలో చిన్న చిటపట వినిపించింది. “పక్కవాద్యం, వినిపిస్తోందా? పాట ఆపు,” అని గొణిగాడు. అకార్డియన్ హాయిగా సాగుతూనే ఉంది. మైక్ చచ్చింది, పైగా మీసం ఒక పక్క జిగురు వదులుతోంది. ఇంకొక్క పోగు తగిలితే మీసం ప్లేట్లో పడుతుంది. ఓనరమ్మ వంటింట్లో ఉంది, మావగారు పేపర్లో ఉన్నాడు. ఇక గత్యంతరం లేక, అల్లుడు కత్తి తీసుకుని గబగబా తన స్పగెట్టీని కోసేశాడు.

వదిన ముఖంలో నవ్వు చటుక్కున ఆగిపోయింది. ఆమె చేయి కూడా తన కత్తి మీదే ఉంది.

“ఏం చేస్తున్నావు?” అంది. ఆ గొంతు అల్లుడు ఏడాదిగా విన్న గొంతు కాదు.

జవాబు చెప్పేలోపే కొత్త వెయిటర్ వచ్చాడు. నల్ల చెక్కతో చేసిన పెప్పర్ మిల్లు ఒకటి అల్లుడి ముందు పెట్టి, చెవి దగ్గరికి వంగాడు.

“మిరియాలు సార్. మీరు వేసుకోకండి. పక్క టేబుల్‌కి మాత్రమే.”

అని వెళ్తూ వెళ్తూ, మావగారి టేబుల్ మీదున్న మిల్లును తుడిచే గుడ్డ కింద దాచి పట్టుకుపోయాడు.

అల్లుడు మిల్లు వంక చూశాడు. అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఈ ఊళ్లో, ఈ హోటల్లో ఎవరూ పొరపాటున కూడా చేయని పని ఏది? అదే సిగ్నల్. ఆ కత్తితో కోయవలసినది వదిన. ఆమె ఏనాడూ ఇటు ఫిరాయించలేదు. మిల్లు ఆమెకి అందితే, దాన్ని తన చేతికిచ్చి, పాపం పెద్దాయనకి అందించవా అని ఉండేది. మావకి విషం పెట్టిన అల్లుడని రేపు పేపర్లన్నీ రాసేవి. నిన్నే కావాలని ఆమె అడిగింది ఇందుకన్నమాట.

మోకాలికి ఏదో గట్టిగా తగిలింది. టేబుల్ క్లాత్ కింద పిస్టల్.

“కదలకు,” అంది వదిన, మళ్లీ తియ్యగా నవ్వుతూ. “ఆయనకి సూప్ వస్తోంది. అడుగుతారు. ఇచ్చెయ్. లేదంటే ముందు నువ్వు, తర్వాత ఆయన.”

సూప్ వచ్చింది. మావగారికి ప్రాణంలో ప్రాణం మిరియాలు. ఇంట్లో పెరుగులో కూడా చల్లుకుంటాడు. చేత్తో టేబుల్ మీద వెతుక్కున్నాడు, మిల్లు లేదు. ఇటు తిరిగి చేయి చాచాడు.

“ఏమండీ, ఆ పెప్పర్ ఒకసారి ఇస్తారా?”

ముడతలు పడ్డ ఆ చేయి అల్లుడికి జానెడు దూరంలో ఉంది. ప్రతి ఆదివారం అదే చేయి కూతురి తల నిమరడం అతను చూస్తూనే ఉన్నాడు. ఆ మనిషి తనని ఎన్నడూ మనిషిగా చూడలేదు, నిజమే. అయినా ఆయన లేని ఇంటిని అల్లుడు ఊహించుకోలేకపోయాడు. ఈ ముసలాయనంటే తనకి ఇంత ఇష్టమని అతనికి అప్పటిదాకా తెలియదు.

“ఇవ్వు, పెద్దాయన అడుగుతున్నారు కదా,” అంది వదిన. పిస్టల్ ఇంకాస్త నొక్కుకుంది.

మైక్ లేదు. పక్కవాద్యం కళ్లు మూసుకుని తన్మయత్వంలో ఉన్నాడు. మిగిలింది ఒక్కటే. మావగారు ఏం చూస్తే తట్టుకోలేడో లోకంలో అల్లుడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

“ఒక్క నిమిషం సార్,” అన్నాడు గొంతు మార్చి. ఎడమచేత్తో మిల్లును గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో కత్తి తీసుకుని, ప్లేటు టకటకలాడేలా మళ్లీ స్పగెట్టీ కోయడం మొదలుపెట్టాడు. కోస్తూ మావగారి కళ్లలోకి చూశాడు.

మావగారి చేయి గాల్లో ఆగిపోయింది. ఆయన చూపు ప్లేటు మీదికి దిగింది. అక్కడినుంచి ఒక పక్క ఊగుతున్న మీసం మీదికి వచ్చింది, తర్వాత వదిన మీదికి వెళ్లింది. ముఖం ఎర్రబడింది.

“నాటకాలొద్దు,” అంది వదిన పళ్ల మధ్యనుంచి.

మావగారు వంటింటి వైపు తిరిగి, క్లాసులో ఆఖరి బెంచీకి కూడా వినపడే తన గొంతుతో అన్నాడు: “ఏమమ్మా ఓనరమ్మా, ఇక్కడొకాయన స్పగెట్టీని కత్తితో కోస్తున్నారు!”

వంటింటి తలుపు ధడాలుమంది. ఓనరమ్మ గరిటెతో సహా దూసుకొచ్చింది. దారికి అడ్డంగా ఉన్న వదిన కుర్చీని తుంటితో ఒక్క తోపు తోసింది. పిస్టల్ గురి తప్పి గుండు నేలలోకి దిగింది. అల్లుడు వేడివేడి ప్లేటెత్తి వదిన చేతి మీద బోర్లించాడు. పిస్టల్ కింద పడింది, దాని మీద మీసం పడింది. గుండు చప్పుడుకి పక్కవాద్యం కళ్లు తెరిచాడు. వెయిటర్ వీధి తలుపు వైపు పరుగెత్తుతుంటే, అకార్డియన్‌తో సహా వాడి మీదికి దూకాడు. ఆ అకార్డియన్ అంత శ్రుతిలో అంతకుముందెప్పుడూ పలకలేదు.

జరిగిందేమిటో ఓనరమ్మకి అక్కర్లేదు. నేల మీద చెల్లాచెదురుగా పడ్డ ముక్కలు చూసి గుండె బాదుకుంటోంది. అల్లుడు ఒక చేత్తో ముఖం కప్పుకుని, మిల్లుతో సహా వంటింటి దారిన బయటపడ్డాడు. ఆ గందరగోళంలో మావగారు తనని గుర్తుపట్టలేదని దారంతా తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

వదిన, వెయిటర్ ఇద్దరూ రెడ్ హ్యాండెడ్‌గా దొరికారు. ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఆ మిల్లులో ఉన్నది గుర్రాన్ని కూడా పడగొట్టే సరుకు. బాస్ భుజం తట్టాడు, టెక్నికల్ సెక్షన్ కొత్త మీసం ఇస్తామంది. అల్లుడు చేతులు జోడించి వద్దన్నాడు.

ఆదివారం అత్తవారింట భోజనం. అల్లుడు గుండె చిక్కబట్టుకుని వెళ్లాడు. భార్య ప్లేట్లు పెట్టింది. స్పగెట్టీ. అందరి ప్లేట్ల పక్కనా ఫోర్కు మాత్రమే ఉంది. అతని ప్లేటు పక్కన ఫోర్కుతోబాటు, తళతళా మెరిసేలా తోమిన కత్తి కూడా ఉంది. నాన్నే స్వయంగా పెట్టారు, ఏమైందో ఏమో అంటూ భార్య ఆశ్చర్యపోయి, నీళ్ల జగ్గు కోసం లోపలికి వెళ్లింది.

మావగారు మిరియాల మిల్లు మెల్లగా తిప్పుకుంటూ, అటూ ఇటూ చూసి, ముందుకు వంగాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి మొదటిసారి అతన్ని నేరుగా పలకరించాడు.

“ఆ అమ్మాయిది కూడా ఇన్సూరెన్సేనా, అల్లుడుగారూ?”