గొట్టం తెలియని ఎలుకలు

తనను ఈ ఎలుకల కొంపలోకి తోసిన చీఫ్ ‘మీసాలాయన’ మీద ఏజెంట్‌కి ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. తోటి ఏజెంట్లకు కాసినోలు, ఓడలు. తనకు కేర్‌టేకర్ వేషం, పెంట ఎత్తే పార.

బ్రీఫింగ్ ముక్తసరిగా సాగింది. ల్యాబ్‌లో మూడు గుంపుల ఎలుకలు ఏడాదిన్నరగా గొట్టాల్లో దూరి, ముక్కు మాత్రం బయటపెట్టి పీలుస్తున్నాయి. ఒక గుంపుకి సిగరెట్ పొగ, ఇంకోదానికి కాల్చకుండా వేడిచేసే పొగాకు ఆవిరి, మూడోదానికి ఒట్టి గాలి. ఆవిరి పరికరం అమ్మే విదేశీ ముఠా ఫలితాన్ని తారుమారు చేస్తోంది. ఏజెంట్ కూతురి బ్యాగులో ఆ పరికరం ఇప్పటికే ఉంది. హాని లేదని ల్యాబే తేలిస్తే ఇక మానేది ఎందుకని ఆ పిల్ల వాదన.

లోపల మన మనిషి ఎలుకల డాక్టరమ్మ, కోడ్‌నేమ్ ‘సిల్క్’. హైహీల్స్, సెంటు వాసన, రెండు వైపులా జీతం.

“కిటికీ తీశారా?” అన్నాడు కోడ్ ప్రకారం.

“గాలి బాగుంది,” అంది ఆమె.

అతను ఆవిరి గుంపులోంచి ఒక ఎలుకను తీసి గొట్టం మూతి దగ్గర పెట్టాడు. అది గింజుకుని గ్లౌజు కొరికింది. పక్క ర్యాక్‌లో సిగరెట్ ఎలుకలు మాత్రం ఆఫీసుకెళ్ళే గుమాస్తాల్లా వాటంతటవే దూరిపోతున్నాయి.

“ఇవి ఆవిరి పీల్చని కొత్తవి. పాతవి ఏం చేశావు?”

“వయసు, బరువు, చెవి ట్యాగ్ అన్నీ సరిపోయాయిగా. ఇంకేం కావాలి బాబూ నీకు?”

“ఏడాదిన్నర డ్యూటీ చేసిన మొహాలా ఇవి? గొట్టమంటేనే తెలీదు వీటికి.”

సిల్క్ కళ్ళు చచ్చిన ఎలుకల్ని బూడిద చేసే కొలిమి గది వైపు తిరిగాయి. చేతిలోకి లిప్‌స్టిక్ పిస్టల్ వచ్చింది. అతను ఎలుకను ఆమె మణికట్టు మీదికి వదిలాడు. ముఠా కొన్న ఎలుక ముఠా మనిషినే కరిచింది. పిస్టల్ పేలి బల్బు పగిలింది. అతను పరుగెత్తాడు.

కొలిమి తలుపు తెరుచుకుంటోంది. బెల్టు మీద అసలు ఎలుకల పంజరాలు, బతికుండగానే. చంపే ఓపిక కూడా లేదు వెధవలకి. ఎర్ర స్విచ్ లాగి బెల్టు ఆపేసరికి మొదటి పంజరం అంచు కమిలింది.

చీఫ్‌కి వైర్‌లెస్ చేశాడు. “బతికే ఉన్నాయి సార్.”

“మంచిది. సోమవారం కోసి ఊపిరితిత్తులు చూస్తారు.”

ఎలుకల వైపు నుంచి చూస్తే, గెలిచిందెవరో తేల్చడం కష్టమే.