అజీజా వేసిన తలుపు

శుక్రవారం పొద్దున. మస్కట్ ఘుబ్రాలోని ఆ రెండో అంతస్తు ఇంట్లో ఉల్లిగడ్డలు వేగుతున్నాయి. ఇరమ్ తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. పాలు తేవడానికి కిందికి వెళ్ళిన ఖమరుద్దీన్ తిరిగొచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగి, "హా" అని ఊపిరి వదిలాడు. అజీజా గరిటెతోనే వచ్చి వాసన చూసి, తల ఊపి, పాలు అందుకుంది.

ఐదేళ్ళుగా ఆ ఇంటి ఆచారం ఇదే. డ్యూటీకి వెళ్ళినా, మసీదుకు వెళ్ళినా ఊదాకే లోపలికి. అజీజా ముక్కును మాయ చేసే మొనగాడు మస్కట్‌లో ఇంకా పుట్టలేదు. ఏసీ మెకానిక్ ఖమరుద్దీన్ ఒకప్పుడు కొలోన్ తాగేవాడు. మందు దొరకని కూలీలు కొట్లో చవగ్గా వచ్చే ఆ సెంటునే పెప్సీలో కలుపుకునేవాళ్ళు. అందుకే ఆ ఇంట్లో పౌడరు డబ్బా ఉంటుంది గానీ సెంటు సీసా ఉండదు. ఉండదనే అందరూ అనుకుంటారు.

"ఒక మాట అజీజా," అన్నాడు ఖమరుద్దీన్ చాయ్ తాగుతూ. "జయరాముడని చెప్పిన గద, జగిత్యాలాయన, ఇద్దరు పిల్లల తండ్రి. నాలుగు రోజులు దవాఖానల పెట్టుకొని నిన్న పంపిండ్రు. బౌషర్ క్యాంపుల వాని రూమ్‌ల ఎనిమిదిమంది, అందరి మంచాల కింద సీసాలే. ఆడ ఉంటే రేపే మొదలువెడ్తడు. ఇంకోసారి తాగితే పానం దక్కదన్నడు డాక్టరు. మూడు రోజులు మనింట్ల పెట్టుకుందాం."

అజీజా చేతిలో గరిటె ఆగింది. శుక్రవారాలు కూలీల క్యాంపుకు వెళ్ళి తాగేవాళ్ళ పక్కన కూర్చోవడం దాకా ఆమె ఓర్చుకుంది. మానాలనుకునేవాళ్ళను డాక్టరే "ఖమర్ భాయ్ దగ్గరికి పో" అని పంపుతుంటే లోలోపల గర్వపడింది కూడా. కానీ ఇల్లు వేరు.

"ఆడపిల్ల ఉన్న ఇల్లు," అంది. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమంటరు. మీకూ వానికీ నడుమ ఒక్క గుక్కే దూరం, ఇరమ్ అబ్బా."

"అందుకే నా మాట ఇంటడు. డాక్టరుకు ఆ తండ్లాట తెల్వది. నాకు తెలుసు."

"మీరు మళ్ళ పడితే? నేనెవరి దగ్గరికి పోవాలె?"

ఖమరుద్దీన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నర్సయ్యను బయట పెట్టినం," అన్నాడు. "ఇంకొకన్ని పెట్టలేను."

"పెట్టింది నేను. మీకప్పుడు సోయి ఏడుంది?"

ఐదేళ్ళలో ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నర్సయ్య ఖమరుద్దీన్‌తో పనిచేసేవాడు. ఇరమ్‌కు బిస్కెట్లు తెచ్చేవాడు, అజీజాను అక్కా అని పిలిచేవాడు. ఎనభై తొమ్మిది జూన్‌లో, ఎండ మండిపోతున్న ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ తూలుకుంటూ వచ్చారు. ఆమె మొగుణ్ణి రెక్క పట్టి లోపలికి లాగి, నర్సయ్య ముఖం మీద తలుపేసింది. "అక్కా, కొన్ని నీళ్ళియ్యి" అని రెండుసార్లు వినబడింది. మూడోసారి వినబడలేదు. వెళ్ళిపోయాడనుకుంది. సాయంత్రం అసర్ అజాన్ వేళకు తలుపు తీస్తే, మూడో మెట్టు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ప్రాణం లేదు.

ఆనాటి నుంచి ఖమరుద్దీన్ చుక్క ముట్టలేదు. ఆనాటి నుంచి అజీజా మూడో మెట్టు తొక్కలేదు. ఒంటరిగా ఉన్న మధ్యాహ్నాల్లో ఆమెకు ఆ గొంతు వినబడుతుంది. లేచి తలుపు తీసి చూస్తుంది, ఎవరూ ఉండరు.

ఖమరుద్దీన్ చెప్పులు వేసుకున్నాడు. "జుమా నమాజ్ అయినంక తీస్కొస్త. నువ్వు వద్దంటే మెట్ల మీదనే కూసుంటం. ఒక్క పని చెయ్యి. బియ్యం డబ్బా అడుగున సెంటు సీసా ఉంది, అది తీసెయ్యి. కొత్తగ మానినోనికి గోడ అవతలి సీసా కూడ కనబడ్తది."

అది పెళ్ళినాడు అమ్మీ ఇచ్చిన సీసా. అమ్మీ ఆఖరిచూపుకు కూడా వెళ్ళలేకపోయిన మనిషికి దాన్ని పారెయ్యడానికి చేతులెలా వస్తాయి?

"మీకెప్పటి సంది తెలుసు?"

"మానేసిన మొదటి నెల నుంచే. నువ్వు బజారుకు పోయినప్పుడల్లా ఆ డబ్బా ముంగట కూసునేటోన్ని. మీ అమ్మీ గురుతు గద, ఎట్ల పారెయ్యమంట?"

అతను వెళ్ళిపోయాడు. పామున్న ఇంట్లో ఐదేళ్ళు కాపురం చేశాడు. ఆ పామును పెట్టి, పైగా రోజూ గుమ్మంలో నిలబెట్టి ఊదించింది తను. అజీజా సిగ్గుతో చచ్చిపోయింది.

బియ్యంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి సీసా తీసింది. ఒక్కసారి వాసన చూసుకుంది, అమ్మీ దుపట్టా వాసన. ఏడుస్తూనే బాత్‌రూం తూములో ఒంపేసింది. ఇరమ్ ఏమీ అడగకుండా ఒక బకెట్ నీళ్ళు పోసింది.

పదిహేనేళ్ళు మూతబడి ఉన్న సెంటు ఒక్క బకెట్‌కు పోతుందా? ఇల్లంతా గుప్పుమంది. తల్లీకూతుళ్ళు కిటికీలు తెరిచి చున్నీలతో విసిరారు. మూడు బకెట్లు పోశారు. వాసన పోలేదు గానీ తలుపు చప్పుడైంది.

ఖమరుద్దీన్ వెనక జయరాముడు వణికే చేతుల్ని చంకల్లో దాచుకుని నిలబడ్డాడు. లోపలి గాలి తగలగానే అతని కళ్ళు అజీజాను దాటి ఇల్లంతా వెతికాయి. ఖమరుద్దీన్ కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అక్కా," అన్నాడు జయరాముడు, "కొన్ని నీళ్ళియ్యి."

అజీజా చెయ్యి తలుపు మీదే ఉంది.

"లోపలికి రాకుండ్రి," అంది. జయరాముడు తల దించుకున్నాడు. "ఇల్లంత సెంటు వాసన. నాదే తప్పు. అది పోయేదాక బయటనే కూసుందాం."

నీళ్ళ కూజా, గ్లాసులు పట్టుకొచ్చింది. ఒకటి, రెండు మెట్లు దిగి మూడో మెట్టు మీద కూర్చుంది. జయరాముణ్ణి పక్కన కూర్చోమంది. అతని చేతిలో గ్లాసు నిలవకపోతే తనే పట్టుకుని తాగించింది.

"ఐదేండ్లు ఆలస్యమైంది," అంది. జయరాముడికి అర్థం కాలేదు. కింది మెట్టు మీద కూర్చున్న ఖమరుద్దీన్ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. అలవాటుకొద్దీ ఆమె వైపు తిరిగి నోరు తెరవబోతే, అజీజా అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు, ఇంక ఊదకుండ్రి."

జయరాముడు భయంభయంగా పైకి చూశాడు. "వాసన పోయినంక రానిస్తరా అక్కా?"

"తలుపు తీసే ఉంది తమ్మీ," అంది అజీజా గ్లాసు మళ్ళీ నింపుతూ. "ఇంకిన్ని తాగు."